ఓఆర్‌ఎం వెనక కీ-వాల్యూ స్టోర్: ఏది పెట్టుకోవాలి, ఎప్పుడు వద్దనుకోవాలి

కీ ఇస్తే విలువ ఇస్తుంది. అంతకు మించి ఏమీ అడగకూడదు. కీ-వాల్యూ డేటాబేస్‌తో మన ఒప్పందం ఇంతే. ఓఆర్‌ఎం, అంటే ప్రోగ్రామ్‌లోని ఆబ్జెక్ట్‌లను డేటాబేస్ టేబుళ్లకు జతచేసే లైబ్రరీ. దాని అలవాటు దీనికి పూర్తిగా ఎదురు. ఈ ఈమెయిల్ ఉన్న యూజర్‌ని తీసుకురా, వాళ్ల చివరి పది ఆర్డర్లు తేదీ వరసలో పెట్టు, మొత్తం ఎన్ని ఉన్నాయో కూడా చెప్పు అని ఒక్క గుక్కలో అడుగుతుంది. ఈ రెండింటినీ కలిపి కట్టినప్పుడు మధ్యలో మిగిలే ఖాళీని ఎవరో ఒకరు పూడ్చాలి. ఆ పని చేసేది స్టోరా, లైబ్రరీయా, మీరా? నా దృష్టిలో ఎంపిక మొత్తం ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

చాలామంది బెంచ్‌మార్క్ అంకెలతో మొదలుపెడతారు. నేనూ ఒకప్పుడు అలాగే మొదలుపెట్టాను. సెకనుకు లక్షల గెట్‌లు (కీ ఇచ్చి విలువ చదవడాలు) అని చూడగానే ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది. కానీ ఆ అంకె ఒక కీ, ఒక విలువ మీద తీసినది. మన ఓఆర్‌ఎం ఒక ఆబ్జెక్ట్‌ని సేవ్ చేసినప్పుడు లోపల జరిగేది ఒక్క పుట్ (ఒక కీ రాత) కాదు. అందుకే ముందు ఆ సంగతి చూద్దాం.

## ఒక్క సేవ్ వెనక ఎన్ని రాతలు

యూజర్ టేబుల్‌లో ఒక రో ఉందనుకోండి. కీ-వాల్యూ స్టోర్‌లో అది యూజర్/42 అనే కీ కింద ఒక బైట్ల ముద్దగా ఉంటుంది. ఈమెయిల్‌తో వెతకాలంటే ఇంకో కీ కావాలి: యూజర్-ఈమెయిల్/ఆ ఈమెయిల్/42. దీని విలువ ఖాళీ, ఎందుకంటే సమాచారమంతా కీలోనే ఉంది. చేరిన తేదీతో వెతకాలంటే మరొకటి. ఇలా వెతకడానికి పెట్టుకునే కీలనే ఇండెక్స్ అంటాం. అంటే రెండు ఇండెక్స్‌లున్న టేబుల్‌లో ఒక ఇన్సర్ట్ అంటే మూడు రాతలు.

ఇంతవరకు ఫర్వాలేదు. అసలు తలనొప్పి అప్‌డేట్‌తో వస్తుంది. ఈమెయిల్ మారితే పాత ఇండెక్స్ కీని చెరపాలి. చెరపాలంటే పాత ఈమెయిల్ ఏమిటో తెలియాలి. అంటే రాసే ముందు చదవాలి. చదవకుండా నేరుగా రాసేయడంలోనే చాలా కీ-వాల్యూ స్టోర్ల వేగం దాగి ఉంది. మొదటి ఇండెక్స్ పెట్టిన క్షణంలోనే ఆ వేగంలో మంచి భాగం పోతుంది. ఈమెయిల్ ఎవరికీ రెండోసారి ఉండకూడదు అనే నియమం (యునీక్ నియమం) కూడా ఉంటే, ముందు చూసి తర్వాత రాయాలి. ఈ రెండింటి మధ్యలో ఇంకో రిక్వెస్ట్ దూరే అవకాశాన్ని కూడా మూసేయాలి.

ఒక ప్రాజెక్టులో ఇలా ఆబ్జెక్ట్‌లను కీలుగా మార్చి రాసే మ్యాపర్‌ని నేనే చేత్తో రాశాను. రో ఒక పుట్, ఇండెక్స్ ఇంకో పుట్. రెండింటి మధ్యలో ప్రాసెస్ చచ్చిపోతే ఏమవుతుందని అప్పుడు ఆలోచించలేదు. కొన్ని వారాల తర్వాత ఒక యూజర్ ఈమెయిల్ మార్చుకున్నా పాత ఈమెయిల్‌తో కూడా లాగిన్ అవుతోందని తేలింది. ఆ తర్వాత కొన్నాళ్లు రోజూ రాత్రి ఇండెక్స్‌లన్నీ మళ్లీ కట్టే స్క్రిప్టు నడిపాం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ప్రతి రాత్రీ అనుకునేవాణ్ని.

## దేన్నిబట్టి తూచాలి

మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది, పైన చెప్పిందే: ఇండెక్స్ భారం ఎవరిది? స్టోరే చూసుకుంటే నిశ్చింత. లైబ్రరీ చూసుకుంటే దాని కోడ్ ఒకసారి చదవాలి. మీరే చూసుకోవాల్సి వస్తే, అది ఎప్పటికీ మీ పనే.

ఒకేసారి అనేక కీలు. మూడు రాతలూ కలిసి జరగాలి, లేదా ఏదీ జరగకూడదు. కొన్ని స్టోర్లలో బ్యాచ్ ఉంటుంది, కానీ ట్రాన్సాక్షన్ ఉండదు. బ్యాచ్ అంటే రాతలు కలిసి పడతాయని మాత్రమే. నేను చదివిన విలువ ఈలోపు మారలేదు కదా అన్న ప్రశ్నకు దాని దగ్గర జవాబు లేదు. యునీక్ నియమానికి బ్యాచ్ చాలదు, ట్రాన్సాక్షనే కావాలి.

కీలు వరసలో ఉంటాయా? హ్యాష్ పద్ధతి స్టోర్‌లో కీ తెలిస్తేనే విలువ దొరుకుతుంది. వరస ఉన్న స్టోర్‌లో ఈ తేదీ నుంచి ఆ తేదీ దాకా అని నడుచుకుంటూ పోవచ్చు. అయితే ఆ వరస బైట్ల వరస. సంఖ్యను అక్షరాలుగా రాస్తే యూజర్/10 ముందు వచ్చి యూజర్/9 వెనకపడుతుంది. అందుకే సంఖ్యలను నిర్ణీత పొడవులో, పెద్ద బైట్ ముందుండేలా రాయాలి. రుణ సంఖ్యలుంటే సైన్ బిట్‌ని తిప్పి రాయాలి. పేర్లను నిఘంటువు వరసలో చూపించే సౌకర్యం రిలేషనల్ డేటాబేస్‌లో ఉచితంగా వస్తుంది, ఇక్కడ రాదు. ఇవన్నీ చిన్న విషయాల్లాగే కనిపిస్తాయి. కానీ డేటా నిండిన తర్వాత కీ రూపం మార్చడమంటే మొత్తం డేటాని తిరిగి రాయడమే.

దూరం. స్టోర్ మీ ప్రాసెస్‌లోనే ఉందా, నెట్‌వర్క్ అవతల ఉందా? ఓఆర్‌ఎం వాడేవాళ్లందరికీ ఎన్ ప్లస్ వన్ సమస్య అంటే హడల్. వంద ఆర్డర్లు తెచ్చి, ఒక్కోదానికి కస్టమర్‌ని విడిగా అడిగితే నూట ఒక్క ప్రయాణాలు. నెట్‌వర్క్ అవతల అయితే ఒక్కో ప్రయాణానికి అర మిల్లీసెకను వేసుకున్నా యాభై మిల్లీసెకన్లు ఊరికే పోతాయి. అదే స్టోర్ ప్రాసెస్‌లోనే ఉంటే ఒక్కో గెట్ కొన్ని మైక్రోసెకన్లలో తేలిపోతుంది, ఎన్ ప్లస్ వన్ గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. ఇలా ప్రాసెస్‌లోనే ఉండే ఎంబెడెడ్ స్టోర్ల మీద నాకున్న ఇష్టానికి సగం కారణం ఇదే.

కరెంటు పోతే ఏం పోతుంది? డిఫాల్ట్ సెట్టింగ్‌లో ఏం పోతుందో చూడాలి. ప్రకటనల్లో చెప్పేది వేరే సెట్టింగ్ కావచ్చు.

చివరిగా, కొత్త ప్రశ్న వచ్చినప్పుడు ఏం చేస్తారు? ఆరు నెలల తర్వాత ఎవరో వచ్చి ఊరివారీగా అమ్మకాలు చూపించమంటారు. ఎస్‌క్యూఎల్‌లో అది ఒక వాక్యం. ఇక్కడ కొత్త ఇండెక్స్, దాన్ని పాత డేటా మొత్తానికి నింపే పని, అది జరుగుతుండగా వచ్చే కొత్త రాతల లెక్క.

| ఎంపిక | ఎక్కడ నడుస్తుంది | ఇండెక్స్ భారం | అనేక కీల ట్రాన్సాక్షన్ | వరస కీలు |
|---|---|---|---|---|
| రెడిస్ | సర్వర్, మెమరీలో | లైబ్రరీ లేదా సెర్చ్ ఇంజిన్ | పాక్షికం, రోల్‌బ్యాక్ లేదు | సార్టెడ్ సెట్‌లతో |
| లెవెల్‌డీబీ | ప్రాసెస్‌లో | మీరే | బ్యాచ్ మాత్రమే | ఉంది |
| రాక్స్‌డీబీ | ప్రాసెస్‌లో | మీరే | ఉంది | ఉంది |
| ఎల్‌ఎండీబీ | ప్రాసెస్‌లో | మీరే | ఉంది, ఒకసారికి ఒక్క రైటర్ | ఉంది |
| ఫౌండేషన్‌డీబీ | క్లస్టర్ | రికార్డ్ లేయర్ వాడితే అదే | ఉంది, గట్టిది | ఉంది |
| డైనమోడీబీ | క్లౌడ్ సేవ | స్టోరే | ఉంది, పరిమితంగా | పార్టిషన్ లోపల |
| టైడీబీ, కాక్రోచ్‌డీబీ | క్లస్టర్ | స్టోరే | ఉంది | ఎస్‌క్యూఎల్ చూసుకుంటుంది |

## రెడిస్: అందరూ మొదట తట్టే తలుపు

చేతిలో ఇప్పటికే ఉంటుంది కాబట్టి చాలామంది ఆలోచన రెడిస్‌తోనే మొదలవుతుంది. 2009లో సాల్వటోరే సాన్‌ఫిలిప్పో మొదలుపెట్టిన ఈ స్టోర్‌లో హ్యాష్‌లు (ఒక కీ కింద అనేక ఫీల్డులు), సెట్‌లు, సార్టెడ్ సెట్‌లు (స్కోర్ వరసలో ఉండేవి) ఉండటం వల్ల ఓఆర్‌ఎం రాసేవాళ్లకు పని సులువు. రోకి ఒక హ్యాష్, సమానత్వ ఇండెక్స్‌కి ఒక సెట్, రేంజ్ ఇండెక్స్‌కి ఒక సార్టెడ్ సెట్. రూబీలో ఓమ్, జావాలో స్ప్రింగ్ డేటా రెడిస్ రోకి హ్యాష్, ఇండెక్స్‌కి సెట్ అనే పద్ధతిలోనే నడుస్తాయి. ఓమ్ రోని, ఇండెక్స్‌లని, యునీక్ నియమాలని సర్వర్ లోపలే నడిచే ఒకే లూవా స్క్రిప్టులో రాస్తుంది. స్క్రిప్టు నడుస్తున్నంతసేపూ మధ్యలో ఇంకో కమాండ్ దూరలేదు కాబట్టి ఇది సరైన పద్ధతి. మీరు ఎంచుకునే లైబ్రరీ ఏదైనా సేవ్ ఫంక్షన్ తెరిచి ఈ ఒక్క విషయం చూడండి.

మల్టీ, ఎగ్జెక్ కమాండ్లు ఉన్నాయి కదా, అవి ట్రాన్సాక్షన్లే కదా అని అడగొచ్చు. పేరు అదే. కానీ నడుస్తుండగా మధ్యలో ఒక కమాండ్ తప్పయితే మిగతావి ఆగవు, జరిగినవి వెనక్కి రావు. చదివిన విలువ మారలేదని చూసుకోవడానికి వాచ్ కమాండ్ ఉంది. మారితే ఎగ్జెక్ విఫలమవుతుంది, మళ్లీ ప్రయత్నించే లూప్ మీరే రాసుకోవాలి.

రెడిస్‌ని ప్రధాన స్టోర్‌గా పెట్టేవాళ్లు పడే గుంటలు ఎక్కువగా సెట్టింగ్‌లలో ఉంటాయి. డిఫాల్ట్‌గా అప్పుడప్పుడు తీసే స్నాప్‌షాట్ ఒక్కటే ఉంటుంది. ప్రతి రాతనీ ఫైలు చివర చేర్చే ఏఓఎఫ్ పద్ధతిని మీరే ఆన్ చేయాలి. ఆన్ చేశాక కూడా మామూలు సెట్టింగ్‌లో డిస్క్‌కి తోసేది సెకనుకు ఒకసారి. అంటే కరెంటు పోతే దాదాపు ఒక సెకను డేటా పోవచ్చు. సెషన్లకు అది లెక్కే కాదు. చెల్లింపులకు ఒప్పుకోలేం.

ఇంకా పెద్ద గుంట మెమరీ నిండినప్పుడు ఉంది. క్యాష్‌గా (త్వరగా చదవడానికి ఉంచే తాత్కాలిక నకలుగా) వాడుతున్న రెడిస్‌లో పాత కీలను తీసేసే పాలసీ పెట్టి ఉంటుంది. అదే సర్వర్‌లో ఓఆర్‌ఎం డేటా కూడా పెడితే, ఒక రోజు ఇండెక్స్ సెట్ మాయమైపోయి రోలు మాత్రం మిగులుతాయి. డేటా ఉంటుంది, వెతికితే దొరకదు. దీన్ని కనిపెట్టడానికి పట్టే టైము, పడే టెన్షన్ అంతా ఇంతా కాదు. రెండింటికీ వేరు వేరు సర్వర్లు పెట్టండి, ఇందులో రాజీ వద్దు.

గడువు కూడా ఇలాంటిదే. స్ప్రింగ్ డేటా రెడిస్‌లో రోకి గడువు పెడితే, అది తీరిపోయినప్పుడు వచ్చే నోటిఫికేషన్ విని లైబ్రరీ ఇండెక్స్‌ని శుభ్రం చేస్తుంది. ఆ సమయానికి మీ అప్లికేషన్ నడవకపోతే ఆ కబురు ఎవరికీ అందదు, ఇండెక్స్‌లో దయ్యాలు మిగిలిపోతాయి.

చిన్న విషయం ఒకటి. సార్టెడ్ సెట్‌లో స్కోర్ అనేది డబుల్ రకం సంఖ్య. 2కు 53వ ఘాతం దాటిన పూర్ణాంకాలు అందులో కచ్చితంగా నిలవవు. 64 బిట్ల ఐడీలను స్కోర్‌గా పెట్టేవాళ్లు గమనించాలి. క్లస్టర్ (కలిసి పనిచేసే అనేక సర్వర్లు) వాడితే 16,384 స్లాట్లలో కీలు చెల్లాచెదురవుతాయి. రో, దాని ఇండెక్స్ ఒకే స్లాట్‌లో లేకపోతే లూవా స్క్రిప్టు కూడా పనిచేయదు. అంటే పైన మెచ్చుకున్న ఓమ్ పద్ధతి ఒక సర్వర్ ఉన్నంతవరకే చక్కగా ఉంటుంది.

ఇవన్నీ వద్దనుకుంటే రెడిస్ ఓఎం అనే లైబ్రరీల కుటుంబం ఉంది. పైథాన్, నోడ్, డాట్‌నెట్, స్ప్రింగ్ అన్నిటికీ దొరుకుతుంది. ఇందులో ఇండెక్స్ పని సర్వర్ లోపలి సెర్చ్ ఇంజిన్‌ది. 2025లో వచ్చిన రెడిస్ 8 నుంచి సెర్చ్, జేసన్ రెండూ ప్రధాన ప్యాకేజీలోనే ఉన్నాయి. 2024 మార్చిలో లైసెన్స్ మారినప్పుడు లినక్స్ ఫౌండేషన్ నీడలో విడిపోయిన వాల్కీలో ఇవి విడి మాడ్యూళ్లు. మీ హోస్టింగ్‌లో ఏది ఉందో చూసుకోకుండా రెడిస్ ఓఎం మీద కోడ్ రాయకండి.

## ప్రాసెస్‌లోనే ఉండే స్టోర్లు

ఇక్కడ పోటీ రెండు వంశాల మధ్య. 2011లో గూగుల్ విడుదల చేసిన లెవెల్‌డీబీ, దాని నుంచి ఫేస్‌బుక్ పెంచిన రాక్స్‌డీబీ ఎల్‌ఎస్‌ఎం చెట్టు వంశం. ఓపెన్‌ఎల్‌డాప్ అనే డైరెక్టరీ సర్వర్ కోసం హోవర్డ్ చూ రాసిన ఎల్‌ఎండీబీ బీ ప్లస్ చెట్టు వంశం.

ఎల్‌ఎస్‌ఎం పద్ధతిలో రాతలు ముందు మెమరీలో, లాగ్‌లో చేరతాయి. తర్వాత వరసపెట్టిన ఫైళ్లుగా డిస్క్ మీదికి వెళ్తాయి. వెనక కంపాక్షన్ అనే పని ఈ ఫైళ్లను కలుపుతూ ఉంటుంది. రాత చాలా చవక. చదవడానికి ఒక్కోసారి అనేక ఫైళ్లు చూడాలి. కంపాక్షన్ జోరుగా నడుస్తున్నప్పుడు అప్పుడప్పుడు ఒక రిక్వెస్ట్ నత్తనడక నడుస్తుంది. ఎల్‌ఎండీబీ దీనికి తలకిందులు. ఫైలు మొత్తాన్ని మెమరీలోకి మ్యాప్ చేసి నేరుగా చదువుతుంది. చదివేవాళ్లు రాసేవాళ్లను ఆపరు, రాసేవాళ్లు చదివేవాళ్లను ఆపరు. కానీ ఒకసారికి రాసేది ఒక్కరే.

ఓఆర్‌ఎం దృష్టితో చూస్తే నా మొగ్గు ఎల్‌ఎండీబీ వైపు. ఓఆర్‌ఎం వాడే అప్లికేషన్లలో ఎక్కువ భాగం చదువుడే. పైగా, ముందే చెప్పినట్టు ఇండెక్స్ ఉన్న టేబుల్‌లో రాయడానికి ముందు చదవాలి. కాబట్టి ఎల్‌ఎస్‌ఎం వంశపు చవక రాత ఇక్కడ పూర్తిగా చేతికందదు. ఒక్కరే రాస్తారు కాబట్టి యునీక్ నియమం తనంతట తానే కుదురుతుంది: రైట్ ట్రాన్సాక్షన్‌లో చూసి, లేకపోతే రాసేయడమే.

అలాగని ఎల్‌ఎండీబీకి వంకలు లేకపోలేదు. కీ పొడవు మామూలుగా 511 బైట్లకు మించకూడదు. పొడవాటి యూఆర్‌ఎల్ మీద ఇండెక్స్ పెట్టాలంటే దాని హ్యాష్‌ని కీగా పెట్టుకోవాలి, అప్పుడు వరస పోతుంది. ఫైలు గరిష్ఠ పరిమాణం ముందే చెప్పాలి. చెప్పకపోతే 10 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది ఎక్కువసేపు తెరిచి ఉంచిన రీడ్ ట్రాన్సాక్షన్. అది మూసేదాకా పాత పేజీలు తిరిగి వాడకానికి రావు, ఫైలు ఉబ్బిపోతుంది. ఓఆర్‌ఎంలకు సెషన్ తెరిచి మర్చిపోయే దురలవాటు ఉంది కాబట్టి రిక్వెస్ట్ అయిపోగానే ట్రాన్సాక్షన్ మూసే ఏర్పాటు మొదటి రోజే చేయాలి.

రాక్స్‌డీబీ ఎప్పుడు? డేటా మెమరీకి ఎన్నో రెట్లు ఉండి, రాతలు వరదలా వస్తుంటే. లాగ్‌లు, సెన్సార్ రీడింగ్‌లు, ఈవెంట్‌లు లాంటివి ఎక్కువగా కొత్త రోలే, అప్‌డేట్‌లు తక్కువ. కీలను విడి గుంపులుగా ఉంచే కాలమ్ ఫ్యామిలీలు టేబుళ్లకు చక్కగా సరిపోతాయి, వాటి మధ్య రాతలు కూడా కలిసే పడతాయి. కౌంటర్లకు మెర్జ్ ఆపరేటర్ ఉంది, చదవకుండానే పెంచొచ్చు. అయితే సెట్టింగ్‌ల సముద్రం అది. దాన్ని ట్యూన్ చేయడం నేర్చుకునే ఓపిక టీమ్‌లో ఎవరికో ఒకరికి ఉండాలి. లెవెల్‌డీబీలో బ్యాచ్ తప్ప ట్రాన్సాక్షన్ లేదు. కొత్తగా మొదలుపెట్టే ఓఆర్‌ఎం పనికి దాన్ని ఎంచుకోవడానికి నాకు కారణం కనిపించదు. రెండింటిలోనూ ప్రతి రాతనీ డిస్క్‌కి సింక్ చేయడం డిఫాల్ట్‌గా ఆఫ్ అని గుర్తుంచుకోండి. ప్రాసెస్ చస్తే డేటా నిలుస్తుంది, మెషీన్ ఆగిపోతే చివరి రాతలు పోవచ్చు.

ఇక్కడ ఒక పక్కమాట. ఎస్‌క్యూలైట్ తయారుచేసేవాళ్లు 2012 నుంచి 2014 దాకా ఎస్‌క్యూలైట్ 4 అనే ప్రయోగం చేశారు. అడుగున కీ-వాల్యూ ఇంజిన్, అవసరమైతే దాన్ని మార్చుకునే వీలు. చివరికి దాన్ని ఆపేసి, నేర్చుకున్నది ఎస్‌క్యూలైట్ 3లోకే తెచ్చుకున్నారు. ఒకే మెషీన్, ఒకే ప్రాసెస్, ఓఆర్‌ఎం కావాలి అంటే ఎస్‌క్యూలైట్‌నే ముందు కొలిచి చూడండి. చాలా పనులకు ఆబ్జెక్ట్‌ని కట్టే ఖర్చే ఎక్కువ, అడుగున ఏ స్టోర్ ఉన్నా పెద్ద తేడా కనిపించదు.

## ఫౌండేషన్‌డీబీ: సరైన పునాది, బరువైన ఇల్లు

కీ-వాల్యూ మీద రికార్డులు కట్టే పనిని శాస్త్రీయంగా చేసినది ఇదే. 2015లో యాపిల్ కొనేసి, 2018లో ఓపెన్ సోర్స్ చేసింది. వరస కీలు, క్లస్టర్ అంతటా చెల్లే గట్టి ట్రాన్సాక్షన్లు. దానిపైన జావాలో రాసిన రికార్డ్ లేయర్ ఉంది. ప్రోటోబఫ్‌తో (డేటా రూపాన్ని వర్ణించే గూగుల్ పద్ధతి) రికార్డ్ రూపం చెబితే ఇండెక్స్‌లను అదే ట్రాన్సాక్షన్‌లో చూసుకుంటుంది, నడుస్తున్న సిస్టమ్‌లోనే కొత్త ఇండెక్స్ కడుతుంది. యాపిల్ క్లౌడ్‌కిట్ దీని మీదే నడుస్తుంది. లెక్క ఇండెక్స్ అనే దాన్ని చూసి నాకు ముచ్చటేసింది: మొత్తం ఎన్ని ఉన్నాయన్న సంఖ్యను ఎటామిక్ ఆపరేషన్‌తో నిలుపుతుంది కాబట్టి ఇద్దరు ఒకేసారి పెంచినా గొడవ రాదు.

పరిమితులు కచ్చితంగా ఉంటాయి. ట్రాన్సాక్షన్ 5 సెకన్లు దాటకూడదు, 10 ఎంబీ మించకూడదు. కీ 10,000 బైట్లు, విలువ 1,00,000 బైట్లు. పెద్ద రికార్డులను రికార్డ్ లేయర్ ముక్కలు చేస్తుంది కానీ ట్రాన్సాక్షన్ తెరిచి టేబుల్ మొత్తం తిరిగే పాత ఓఆర్‌ఎం కోడ్ ఇక్కడ నడవదు. జావా కాకపోతే లేయర్ మీరే రాసుకోవాలి. ముగ్గురున్న టీమ్‌కి ఇది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

## డైనమోడీబీ

ఇది అమెజాన్ క్లౌడ్ సేవ. సర్వర్ల బాధ్యత వద్దు, క్లౌడ్ బిల్లు కడతాను అనేవాళ్లకు. పైథాన్‌లో పైనమోడీబీ, రూబీలో డైనమాయిడ్, నోడ్‌లో డైనమూస్ లాంటి మ్యాపర్లు ఉన్నాయి. ఇండెక్స్‌లను సేవే నిలుపుతుంది. అది పెద్ద ఊరట. కానీ గ్లోబల్ సెకండరీ ఇండెక్స్ కాస్త ఆలస్యంగా నవీకరణ అవుతుంది. సేవ్ చేసిన వెంటనే ఆ ఇండెక్స్‌తో వెతికితే దొరకకపోవచ్చు, ఓఆర్‌ఎం టెస్టులు అప్పుడప్పుడు ఊరికే ఫెయిల్ అవుతున్నాయంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఆ ఇండెక్స్‌ల మీద యునీక్ నియమం లేదు. ఈమెయిల్‌నే కీగా పెట్టి ఇంకో ఐటమ్ చేసి, రెండింటినీ ఒకే ట్రాన్సాక్షన్‌లో రాయాలి. ఒక ట్రాన్సాక్షన్‌లో 100 ఐటమ్‌లు, ఒక ఐటమ్ 400 కేబీ.

ఆల్, ఫిల్టర్, కౌంట్ అని అలవాటుగా రాసే చెయ్యి ఇక్కడ బిల్లు పెంచుతుంది. ఎందుకంటే ఫిల్టర్ అనేది చదివిన తర్వాత వడకడుతుంది, డబ్బు చదివినదానికి. అందుకే దీని మీద పెట్టే మ్యాపర్ ఎంత పలచగా ఉంటే అంత మంచిది.

## అడుగున కీ-వాల్యూ, పైన ఎస్‌క్యూఎల్

మీకు ఇప్పటికే ఓఆర్‌ఎం మీద వేల వరసల కోడ్ ఉంటే మిగతావన్నీ పక్కన పెట్టి ముందు దీన్ని చూడండి. టైడీబీ అడుగున టైకేవీ, దాని అడుగున రాక్స్‌డీబీ. కాక్రోచ్‌డీబీ మొదట రాక్స్‌డీబీ మీద నడిచి, తర్వాత సొంతంగా గో భాషలో రాసుకున్న పెబుల్‌కి మారింది. మైరాక్స్ అయితే మైఎస్‌క్యూఎల్ కిందే రాక్స్‌డీబీని పెడుతుంది. టైడీబీ మైఎస్‌క్యూఎల్ భాష మాట్లాడుతుంది, కాక్రోచ్‌డీబీ పోస్ట్‌గ్రెస్ భాష. మీ ఓఆర్‌ఎంకి అడుగున ఏముందో తెలియనక్కర్లేదు. నేను చేత్తో రాసి చేయి కాల్చుకున్న కీ రూపాలు, ఇండెక్స్ రాతలు అన్నీ వీటిలో ఎవరో జాగ్రత్తగా రాసి పెట్టారు.

మార్పు బొత్తిగా అక్కర్లేదని కాదు. కాక్రోచ్‌డీబీలో డిఫాల్ట్ ఐసొలేషన్ సీరియలైజబుల్, అంటే ట్రాన్సాక్షన్లు ఒకదాని తర్వాత ఒకటి నడిచినట్టే ఫలితం రావాలి. ట్రాన్సాక్షన్లు ఢీకొంటే 40001 ఎర్రర్ ఇచ్చి మళ్లీ ప్రయత్నించమంటుంది. చాలా ఓఆర్‌ఎంలు దాన్ని తమంతట తాము మళ్లీ నడపవు, ఆ పొర మీరు చేర్చాలి. ఒకటొకటిగా పెరిగే ఐడీ ఉన్న టేబుల్‌లో కొత్త రోలన్నీ ఒకే మూలకు చేరి అక్కడే వేడెక్కుతాయి. టైడీబీ ఇందుకే యాదృచ్ఛిక ఐడీల సౌకర్యం ఇచ్చింది.

## పూర్తి ఓఆర్‌ఎం వేషం వేయించవచ్చా

పాత ఓఆర్‌ఎంనే యథాతథంగా కీ-వాల్యూ మీద నడిపే ప్రయత్నాలు కొన్ని జరిగాయి. జావాలో హైబర్నేట్ ఓజీఎం రెడిస్, ఇన్ఫినిస్పాన్ లాంటివాటి మీద జేపీఏని (జావాలో ఓఆర్‌ఎంల ప్రమాణం) నడిపింది. గూగుల్ యాప్ ఇంజిన్ డేటాస్టోర్ కోసం జాంగో నాన్‌రెల్ వచ్చింది. రెండూ ఇప్పుడు ముందుకు సాగడం లేదు. కారణం ఊహించడం కష్టం కాదు: ఓఆర్‌ఎం ఇచ్చే మాటలన్నీ స్టోర్ నిలబెట్టుకోలేదు. జాయిన్ రాస్తే ఎర్రర్ రావాలా, లేక మెల్లగా మొత్తం తిరిగి తేవాలా? ఏది చేసినా వాడేవాడికి కోపమే. చేయలేనిదాన్ని చేయలేనని మొహం మీదే చెప్పే పలచని మ్యాపర్ నాకు నచ్చుతుంది.

## ఎవరి పరిస్థితికి ఏది

మీ సమస్య చదవడం నెమ్మదిగా ఉండటమే అయితే, డేటాని కదపకండి. రిలేషనల్ డేటాబేస్‌నే ఉంచి పక్కన రెడిస్‌నో, మెమ్‌క్యాష్‌డ్‌నో క్యాష్‌గా పెట్టండి. కమిట్ అయ్యాక క్యాష్‌లో కొత్త విలువ రాయకుండా పాత కీని చెరపండి, తర్వాత చదివేవాళ్లు నింపుకుంటారు. చెరిపిన మరుక్షణమే ఎవరో పాత విలువని తెచ్చి నింపే సన్నని సందు అప్పటికీ మిగులుతుంది. ఫేస్‌బుక్ తన మెమ్‌క్యాష్‌డ్‌లో లీజ్ పద్ధతి (నింపేవాళ్లకు ఒక టోకెన్ ఇచ్చి, ఈలోపు కీ చెరిగితే దాన్ని రద్దు చేయడం) పెట్టుకున్నది ఇలాంటివాటి కోసమే. చిన్న గడువు పెడితే చాలామందికి సరిపోతుంది.

సెషన్లు, కార్ట్‌లు, ఓటీపీలు, లీడర్‌బోర్డులు లాంటి, పోయినా ప్రాణం మీదికి రాని డేటాకి రెడిస్, దానిపైన ఓమ్ లాంటి చిన్న మ్యాపర్ హాయిగా ఉంటుంది. డెస్క్‌టాప్ అప్లికేషన్, మొబైల్ సింక్, ఒకే మెషీన్ మీది సర్వీస్ అయితే ఎస్‌క్యూలైట్‌ని కొలిచి, చాలదని అంకెలు చెబితే ఎల్‌ఎండీబీ. ఈవెంట్ల వరద అయితే రాక్స్‌డీబీ, ఇండెక్స్‌లు ఒకటో రెండో మించకుండా. ఒక డేటాబేస్ మెషీన్ సరిపోని స్థాయికి పెరిగి, ఓఆర్‌ఎం కోడ్ పారేయలేని టీమ్ అయితే టైడీబీ లేదా కాక్రోచ్‌డీబీ, మీ ఓఆర్‌ఎం ఏ భాషకి అలవాటుపడిందో దాన్నిబట్టి. లక్షల కస్టమర్లకు ఒక్కొక్కరికి విడి డేటాబేస్ లాంటిది కావాల్సి వచ్చి, జావా వచ్చినవాళ్లు చేతిలో ఉంటే ఫౌండేషన్‌డీబీ. రోజుకో కొత్త రిపోర్టు అడిగే మేనేజర్ ఉన్నచోట పోస్ట్‌గ్రెస్ నుంచి కదలకండి.

ఏది అనుకున్నా, ఒప్పుకునే ముందు సగం రోజు ఈ పరీక్షకి కేటాయించండి. మీ అప్లికేషన్ ఎక్కువగా అడిగే ఐదారు ప్రశ్నలు రాసుకుని, ఒక్కోదానికి ఎన్ని కీలు చదవాలో, ఒక్కో సేవ్‌కి ఎన్ని రాయాలో పక్కన వేయండి. తర్వాత ఈమెయిల్ మార్చే కోడ్‌ని లూప్‌లో నడుపుతూ ప్రాసెస్‌ని మధ్యలో చంపండి. వందసార్లు చంపండి. ప్రతిసారీ లేచాక ఇండెక్స్‌లోని ప్రతి కీకి సరైన రో ఉందా, ప్రతి రోకి ఇండెక్స్ ఉందా అని సరిచూడండి. ఇది ప్రాసెస్ చావుకే సరిపోతుంది. మెషీన్ ఆగిపోవడాన్ని చూడాలంటే వర్చువల్ మెషీన్‌ని ఉన్నపళంగా పవర్ ఆఫ్ చేయండి. సింక్ సెట్టింగ్ గురించి పైన చెప్పింది అప్పుడు కళ్లారా కనిపిస్తుంది.